సీజనుకో టేబుల్ రన్నర్ ఎందుకు? వైజాగ్‌లో రెండు చాలు, నాలుగు కాలాలకూ సరిపోతాయి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎంవీపీ కాలనీలో ఇల్లు, ఐదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న ఆరు కుర్చీల బల్ల, పైన గాజు. ఉగాదికి, వానాకాలానికి, దీపావళికి, సంక్రాంతికి ఒక్కో క్విల్టెడ్ రన్నర్ కుట్టాలని ఉంది. పాత తువ్వాలు మధ్యలో పెట్టి కుట్టిన మొదటిది అలలు తేలింది, ఆగస్టుకల్లా ముక్కిపోయిన వాసన పట్టింది, గాజు మీద జారుతోంది. ఇంట్లో ఉన్నది మామూలు నల్ల కుట్టు మిషను. ఏం మార్చాలి?

నాలుగు వద్దండి, రెండు కుట్టండి. రెండూ తిరగేసి వాడుకునేలా. ఒకటి ఉగాది నుంచి దసరా దాకా, మధ్యలో పల్చటి పాలిస్టర్ ఫైబర్ షీటుతో. రెండోది దీపావళి నుంచి శివరాత్రి దాకా, మధ్యలో నూలు ఫ్లానెల్‌తో. తువ్వాలు ఇక వాడకండి. మిషను మార్చక్కర్లేదు, కుట్టే దిశ మార్చండి: పొడుగునా కాదు, అడ్డంగా.

రన్నర్ అంటే బల్ల మధ్యలో పొడుగునా పరిచే, పద్ధతిగా కుట్టిన సన్నపాటి బొంతే. పైన ఒక గుడ్డ, మధ్యలో ఒక పొర, కింద ఒక గుడ్డ, మూడూ కదలకుండా కుట్లు, చుట్టూ పట్టీ. పై గుడ్డల కోసం అందరూ దుకాణాలన్నీ తిరుగుతారు. మన ఊళ్లో రన్నర్ బాగుపడేదీ చెడేదీ మాత్రం ఎవరికీ కనపడని ఆ మధ్య పొర వల్లే.

గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడే నూలు తన బరువులో ఏడెనిమిది శాతం నీరు పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. సముద్రం పక్కన వానాకాలంలో తేమ అంతకంటే ఎక్కువే, పైగా గాలితో వచ్చే ఉప్పు గుడ్డ మీద పేరుకుని ఇంకాస్త చెమ్మను లాక్కుంటుంది. తువ్వాలుకి రెండు వైపులా నూలు పోగుల కుచ్చు ఉంటుంది కాబట్టి అది పట్టే నీరు ఎక్కువ, ఆరే వేగం తక్కువ. కింద గాజు ఉండటంతో అటువైపు గాలే తగలదు. వాసన అక్కడ మొదలైంది. ఆ కుచ్చు మిషను ఫుట్ (గుడ్డని పైనుంచి నొక్కి పట్టే పాదం) కింద నలిగి జరుగుతుంది కాబట్టి అలల్లో కొంత దాని పుణ్యమే.

మధ్య పొరకి దొరికే వాటిలో ఏది దేనికి పనికొస్తుందో చెబుతాను. ఫైబర్ షీటుని బరువు చెప్పి అడగండి: 60 నుంచి 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి అన్ని గ్రాములు. సోఫా సామాను అమ్మే చోట ముందుగా చేతికిచ్చేది 200 పైబడిన మందపు షీటు. అది వేస్తే రన్నర్ పరుపులా ఉబ్బుతుంది, గ్లాసు నిలవదు. ఫ్లానెల్ అంటే పసిపిల్లల పొత్తిగుడ్డలకి వాడే ఆ మెత్తటి గుడ్డే, ఒక్క పొర చాలు. కొనగానే వేడినీళ్లలో తడిపి ఆరేయాలి, బాగా కుంచించుకుపోతుంది. విడి దూది వద్దు. రెండు అంగుళాలకో కుట్టు వేసినా రెండో ఉతుకుకి ఉండలు కడుతుంది. బక్రం (కాలర్లలో పెట్టే గట్టి గుడ్డ) పెడితే రన్నర్ అట్టముక్కలా నిలబడుతుంది, బల్ల అంచున వంగదు.

కొలతలు. వెడల్పు బల్ల వెడల్పులో మూడో వంతు, కాస్త అటూ ఇటూ. మీ 36 అంగుళాల బల్లకి 13 అంగుళాలు బాగుంటుంది, రెండు పక్కలా కంచాలకి చోటు మిగులుతుంది. పొడవు 60 అంగుళాల బల్లకి అటు ఆరు, ఇటు ఆరు వేలాడేలా 72. అంతకంటే ఎక్కువ వేలాడితే చివర కూర్చున్నవాళ్ల ఒళ్లోకి వస్తుంది. మూడు నాలుగు అంగుళాలే వేలాడితే గుడ్డ చాలనట్టు కనిపిస్తుంది. పిల్లలు లాగే ఇల్లయితే అసలు వేలాడకుండా 54 అంగుళాల దగ్గర ఆపేయడం మేలు.

ఒక రన్నర్‌కి కావలసిన గుడ్డ, 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) లెక్కన:

ముక్కలు కలిపి కుట్టే వైపుకి రెండు రంగులు, చెరో అర మీటరు. రెండో వైపుకి ఒకే గుడ్డ, మీటరుంబావు. చుట్టూ పట్టీకి అర మీటరు. మధ్య పొర రెండు మీటర్లు, కుంచించుకునే ఫ్లానెల్ అయితే రెండుంబావు, కొంటే అతుకు రాదు, మిగిలింది పక్కకి కత్తిరించి కంచాల కింద మ్యాట్లకి వాడుకోవచ్చు. నూలు గుడ్డ ఉతికితే నూటికి మూడు నుంచి ఐదు దాకా కుంచించుకుంటుంది. పై లెక్కలో ఆ తరుగు కలిసే ఉంది. జగదాంబ, పూర్ణా మార్కెట్ వైపు బట్టల దుకాణాల్లో జాకెట్టు ముక్కలు, కట్ పీసులు తీసుకుంటే పన్నా ముందే కొలిచి చూసుకోండి. 36 అంగుళాలది అయితే ఈ లెక్క సరిపోదు.

రెండు వైపులా ముక్కల పని పెట్టుకోవద్దు. అటు అతుకూ ఇటు అతుకూ ఒకదాని మీద ఒకటి రాక, కుట్టు ఒకవైపు సరిగ్గా, రెండోవైపు వంకరగా కనిపిస్తుంది. ఒకవైపు ముక్కలు, ఒకవైపు నిండు గుడ్డ. అంతే.

కత్తిరించే ముందు రంగు పరీక్ష తప్పదు. ఒక్కో గుడ్డ నుంచి చిన్న ముక్క తీసి, తెల్ల గుడ్డలో చుట్టి అరగంట గోరువెచ్చని సబ్బునీళ్లలో ఉంచండి. తెల్ల గుడ్డకి రంగు అంటితే నీళ్లు తేటగా వచ్చేదాకా ఆ గుడ్డను విడిగా ఉతుకుతూనే ఉండాలి. పెడన కలంకారీ ముదురు ఎరుపు, నీలిమందు గుడ్డలకి మూడు నాలుగు ఉతుకులు మామూలే. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు కట్టుబడుతుందని అందరూ చెబుతారు. ఉప్పు అద్దకం వేసే తొట్టిలో పనిచేస్తుంది గానీ, అద్దేసిన గుడ్డకి ఏమీ చేయదు. ఎన్ని ఉతుకులేసినా వదిలే గుడ్డని ఈ పనికి పక్కన పెట్టేయండి, లేత రంగుతో జత కట్టి ఏడాదంతా బాధపడాల్సి వస్తుంది.

ఉతికాక పల్చగా గంజి పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. గుడ్డ బిగువుగా ఉంటే కత్తెర నేరుగా పోతుంది. ఇస్త్రీపెట్టెని గుడ్డ మీద తోయకండి, ఒత్తి ఎత్తండి. తోస్తే పేక సాగి నలుచదరం కాస్తా ఐమూలగా పోతుంది. తర్వాత అంచుకి సమాంతరంగా ఒక పోగు లాగి, ఆ గీత వెంట కత్తిరించండి. చించి సరిచూసుకోవడం కూడా పాత పద్ధతే, కానీ చించిన చోట అర అంగుళం పీచు లేస్తుంది, దాన్ని తీసేయాలి.

రెండు రంగుల్లోనూ 13½ అంగుళాల పొడవు, 6½ అంగుళాల వెడల్పు ముక్కలు ఆరేసి కత్తిరించండి. ఒక రంగు తర్వాత ఇంకొకటిగా 12 ముక్కలు పావు అంగుళం మార్జిన్‌తో కలిపితే 72½ అంగుళాలు వస్తుంది. కలిపే కుట్టు అంగుళానికి పన్నెండు. ఇక్కడ మార్జిన్ పావు అంగుళం నుంచి 3/8 అంగుళానికి జారితే, పదకొండు అతుకుల మీద రెండున్నర అంగుళాలకి పైగా పోతుంది. అందుకే సూది నుంచి సరిగ్గా పావు అంగుళం దూరంలో, మిషను ప్లేటు మీద టేపు ముక్క అంటించుకోండి. ఆ టేపు వెంట గుడ్డ నడిపిస్తే చాలు. అతుకులన్నీ ముదురు రంగు వైపుకి మడిచి ఒత్తండి, లేత గుడ్డ కింద నల్ల గీతలా కనపడవు.

నిండు గుడ్డని 17 అంగుళాల వెడల్పు ముక్కలు రెండు తీసి, మధ్యలో ఒక్క అతుకుతో 76 అంగుళాలు చేయండి. మధ్య పొరా 17 × 76. అంటే పై భాగం కంటే అన్ని వైపులా సుమారు అంగుళంన్నర, రెండు అంగుళాలు పెద్దవి. ఎందుకంటే కుట్టేకొద్దీ మూడు పొరలూ లోపలికి కాస్త ముడుచుకుంటాయి.

ఇక అలల సంగతి. అసలు పని ఇక్కడే ఉంది.

మిషనులో కింది పళ్లు అడుగు గుడ్డని వెనక్కి లాక్కుపోతాయి. పైన ఫుట్ మాత్రం పై గుడ్డని ముందుకి నెట్టి పట్టుకుంటుంది. ఒక్కో కుట్టుకి తేడా కంటికి ఆనదు. కానీ 72 అంగుళాల గీత ఒకే పట్టున వేస్తే చివరికొచ్చేసరికి పై గుడ్డ అర అంగుళం మిగిలిపోతుంది. ఆ మిగిలిందే అల. పక్క గీతని అటు చివర నుంచి వెనక్కి కుట్టుకొస్తే, ఒక గీత ఇటూ ఒక గీత అటూ లాగి మధ్యలో ఐమూల ముడతలు పడతాయి. అదే గీత అడ్డంగా 13 అంగుళాలే అయితే తేడా పేరుకునేలోపే గుడ్డ అయిపోతుంది. పై గుడ్డని కూడా కింది గుడ్డతో పాటే నడిపించే వాకింగ్ ఫుట్ ఉంటే ఇంకా మంచిది, కానీ అన్ని నల్ల మిషన్లకీ సరిపోదు. కొనేముందు మీ మిషను ఫుట్‌ని దుకాణానికి తీసుకెళ్లి పోల్చి చూసుకోండి. అది లేకపోయినా అడ్డకుట్టుతో పని నడుస్తుంది.

మిషను పైన, ఫుట్ కడ్డీ నెత్తిన ఉండే స్క్రూని రెండు మూడు చుట్లు వదులు చేయండి. ఫుట్ ఒత్తిడి తగ్గితే నెట్టడం తగ్గుతుంది. సూది 14 నంబరు, అతుకుల దగ్గర దాటకపోతే 16. కుట్టు అంగుళానికి ఎనిమిది. ముందు ఇవే మూడు పొరల తుక్కు ముక్క మీద కుట్టి చూడండి. కింది దారం పైకి చుక్కలుగా కనిపిస్తే పై టెన్షన్ బిగువు ఎక్కువైనట్టు, వదులు చేయాలి. పై దారం కింద ఉచ్చులు పడుతుంటే బిగించాలి.

పొరలు పేర్చడానికి నేల మీదే మేలు. అడుగు గుడ్డ తిరగేసి పరిచి అంచులు టేపుతో నేలకి అంటించండి. బిగువుగా ఉండాలి గానీ సాగకూడదు, సాగదీస్తే టేపు తీయగానే ముడుచుకుని మళ్లీ అలలే. దాని మీద మధ్య పొర, ఆపైన ముక్కల భాగం. పిడికిలికో పిన్నీసు. మన ఊరికి ఒక జాగ్రత్త: పిన్నీసులు పెట్టి వారం పది రోజులు వదిలేయకండి. ఉప్పుగాలికి తుప్పు పట్టి గుడ్డకి దిగుతుంది. తుప్పు మరకని నిమ్మకాయ, ఉప్పు రుద్ది ఎండలో పెట్టి తెల్లగుడ్డ మీద వదిలించవచ్చు, రంగు గుడ్డ మీద అదే వైద్యం రంగునీ తీసేస్తుంది. రెండు రోజుల్లో కుట్టేసే వీలు లేకపోతే పిన్నీసుల బదులు మూడంగుళాలకోసారి టాకాలు వేయండి.

కుట్టడం నడిమి అతుకు నుంచి మొదలుపెట్టి ఒక చివరకి, మళ్లీ నడిమి నుంచి రెండో చివరకి. ప్రతి గీతా ఒకే అంచు దగ్గర మొదలవ్వాలి. మొదట అన్ని అతుకుల గాడిలో, తర్వాత ఒక్కో ముక్కలో రెండేసి అంగుళాల దూరంలో రెండు గీతలు. ఫైబర్ షీటుకి మూడంగుళాలకి మించి ఖాళీ ఇవ్వకూడదు.

అన్నీ అయ్యాక అంచులు 13½ అంగుళాల వెడల్పుకి సరిచేసి పట్టీ వేయాలి. టైలర్లు అలవాటుగా క్రాస్ ముక్క (గుడ్డని ఐమూలగా కత్తిరించినది) తీసి పైపింగ్ వేసేస్తారు. తిన్నటి అంచుకి అది వద్దు. క్రాస్ సాగుతుంది, చక్కగా వచ్చిన రన్నర్ అంచులు అప్పడంలా వంకర తిరుగుతాయి. నేరు పోగు మీద రెండుంబావు అంగుళాల పట్టీలు ఐదు కత్తిరించి, ఐమూల అతుకులతో కలపండి. చుట్టుకొలత 172 అంగుళాలు, పట్టీ 195 పైగా వస్తుంది. పొడవునా మధ్యకి మడిచి ఇస్త్రీ చేసి, ముడి అంచుని రన్నర్ అంచుకి కలిపి పావు అంగుళంలో కుట్టండి. మూలకి పావు అంగుళం ఉందనగా ఆపి, రెండు కుట్లు వెనక్కి వేసి దారం తెంపండి. పట్టీని నిలువుగా పైకి మడిచి, మళ్లీ కిందికి దించి, కొత్త అంచు మొదటి నుంచి కుట్టండి. మూల వాడిగా వస్తుంది. రెండో వైపుకి తిప్పి చీరకి ఫాల్ కుట్టినట్టు చేత్తో హెమ్మింగ్ చేయండి. తిరగేసి వాడే రన్నర్ కదా, మిషను కుట్టు రెండో వైపు గీతలో పడకపోతే దాచడానికి వీలుండదు.

ఇప్పుడు రంగులు. మొదటి రన్నర్‌కి ఉగాది వైపు మంగళగిరి నూలు బాగుంటుంది. ఒంట్లో బుటాలు లేని గుడ్డ కాబట్టి కుట్టు గీతలు స్పష్టంగా కనపడతాయి. మామిడాకు పచ్చ, లేత పసుపు. పచ్చ బదులు గంధపు రంగు వేస్తే సింహాచలం చందనోత్సవం నాటికీ సరిపోతుందని నా పక్షపాతం. అసలైన పసుపుతో అద్దిన గుడ్డ మాత్రం వద్దు, తూర్పు కిటికీ ఎండకి వారాల్లో వెలిసిపోతుంది. వెనక వానాకాలం వైపు నీలం కలంకారీ. జూన్‌లో వానలు మొదలయ్యాక తిరగేస్తే చాలు. పొందూరు ఖద్దరు మీద మనసుంటే, అది పల్చన, కింద ఉన్న నీలం తొంగిచూస్తుంది. దాన్ని రెండో రన్నర్‌లో తెల్ల ఫ్లానెల్ మీద వాడుకోండి.

రెండో రన్నర్‌కి ముక్కల వైపు మెరూన్, ముదురాకుపచ్చ. దీపావళికీ క్రిస్మస్‌కీ నడుస్తుంది. పాత పట్టుచీర అంచు కలపాలనుకుంటే మడతల దగ్గర వెలుగుకి పట్టి చూడండి. సన్న చీలికలుంటే పట్టు చివికిందని అర్థం, వెనక ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే పల్చటి పొర) అంటించకపోతే మొదటి కుట్టుకే చిరుగుతుంది. పట్టు కలిపితే ఇంట్లో ఉతకడం కుదరదు, రోజూ భోజనం చేసే బల్లకి అది కాస్త బరువైన ముచ్చట.

వెనక సంక్రాంతి వైపు ఇటుక ఎరుపు నిండు గుడ్డ, తెల్లదారంతో ముగ్గు. దీనికి వరస మారుతుంది. ముందు ఎర్రగుడ్డని, ఫ్లానెల్‌ని మాత్రమే టాకాలు వేసి ముగ్గు కుట్టేయండి. మూడు పొరలూ కలిపి కుడితే ముగ్గు దీపావళి వైపు కూడా కనిపిస్తుంది. గుడ్డని 6 అంగుళాల గళ్లుగా గీసుకుని, గడి విడిచి గడిలో అంగుళం ఎడంతో ఐదు చుక్కలు ఐదు వరసలు పెట్టండి. నాలుగు అంగుళాల ముగ్గు, చుట్టూ అంగుళం ఖాళీ. గీయడానికి అరిగి ఎండిన సబ్బుముక్క చాలు. వేడికి మాయమయ్యే పెన్నుల గీత చల్లదనానికి మళ్లీ తేలవచ్చు, నీళ్లకి పోయే నీలం పెన్ను మీద ఇస్త్రీ తగిలితే గీత అక్కడే ఉండిపోతుంది. ఎంబ్రాయిడరీ దారం మూడు పోగులు, బొంత కుట్టు, అంగుళానికి నాలుగైదు. మెలిక ముగ్గు ఎక్కడా తెగదు కాబట్టి ఒకే దారంతో లాగాలని చూస్తారు, దారం పీచులేస్తుంది. మూరెడు దాటని దారంతో, ముళ్లు వెనక ఫ్లానెల్‌లో దాచుకుంటూ వెళ్లండి. తర్వాత ముక్కల వైపుతో కలిపి, అతుకుల గాడిలో మాత్రమే మిషను కుట్టు వేయండి, బాబిన్‌లో ఎర్రదారంతో. ఆ గీతలు 6 అంగుళాలకొకటి వస్తాయి కాబట్టి ముగ్గుల మధ్య ఖాళీలోనే పడాలి, పిన్నీసులు పెట్టేటప్పుడే అది చూసుకోండి. ఫ్లానెల్ నేత గుడ్డ, జరగదు, 6 అంగుళాల ఎడం ఫరవాలేదు.

బల్ల మీద పరిచే తీరు. గాజు మీద జారకుండా జాలీ యాంటీ స్లిప్ మ్యాట్‌ని రన్నర్ కంటే అన్నివైపులా అంగుళం తక్కువగా కత్తిరించి కింద వేయండి. గాజు తీసేసి పాలిష్ చెక్క మీద వేసేవాళ్లు అది వాడకూడదు, ప్లాస్టిక్ మ్యాట్ పాలిష్‌కి అంటుకుని మచ్చ పడుతుంది. అక్కడ మ్యాట్ బదులు కింద వేసిన ఫ్లానెల్ పట్టీయే పట్టు ఇస్తుంది. రన్నర్‌ని గాజు కిందికి తోసేయడం చాలా ఇళ్లలో చూస్తాం. మరకలు పడవు నిజమే, కానీ లోపల చేరిన చెమ్మ బయటికి రాదు, బూజు కట్టేది అక్కడే.

పైన పెట్టేవి అడుగు ఎత్తు దాటకూడదు, ఎదుటివాళ్ల మొహం కనపడాలి. ఏటికొప్పాక లక్క బొమ్మలు మూడు పెడితే ముచ్చటగా ఉంటాయి, వేడి గిన్నెకి దూరంగా. లక్క వేడికి మెత్తబడుతుంది. రన్నర్ ఎంత మందంగా ఉన్నా కుదురు లేకుండా కుక్కర్ దించకండి, కింద గాజు ఉంది, లోపల ఫైబర్ ఉంది. దీపాలు ఇత్తడి పళ్లెంలోనే. మామిడాకుల తొడిమ సొన, అరటి డొప్ప కోసిన చోట కారే బంక గోధుమరంగు మరకలవుతాయి, అవి పోవు. ఆకులైనా పళ్లెంలో పెట్టండి, లేదా కోసిన చివర్లు కడిగి ఆరాక వాడండి.

పప్పుచారు, కూర పడితే భయపడక్కర్లేదు. సబ్బు పెట్టగానే పసుపు మరక ఎర్రగా మారుతుంది, అది చూసి కంగారుపడి బ్లీచ్ పోస్తారు. పోయకండి. ఉతికి తడిగా ఎండలో వేస్తే పసుపు ఒకటి రెండు ఎండలకి వెలిసిపోతుంది.

దాచేముందు గంజి పూర్తిగా పోయేలా ఉతకాలి. గంజి ఉన్న గుడ్డ బూజుకీ పురుగులకీ తిండి. మడవకుండా గొట్టానికి చుట్టి, పైన పాత పంచె కప్పండి. ప్లాస్టిక్ కవరు వద్దు. వేపాకు వేస్తే గలగలలాడేంత ఎండినదే వేయండి. సంక్రాంతి రన్నర్ ఆరు నెలలకి పైగా బీరువాలో ఉంటుంది. వానాకాలంలో నెలకోసారి, ఎండ కాసిన రోజు చూసి, ఓ గంట బయట వేసి మళ్లీ చుట్టేయండి.